చెవిలో గుయ్‌మంటుంటే ముందు వినికిడి పరీక్ష ఆడియోమెట్రీనా, ఎంఆర్‌ఐనా?

నెలల తరబడి చెవిలో మోత ఆగకపోతే ఆసుపత్రులుండే విజయవాడ సూర్యారావుపేటకు వెళ్లినా, గుంటూరు కొత్తపేటకు వెళ్లినా ఇదే సందేహం.

ఖర్చు: ఆడియోమెట్రీ వందల్లో తేలిపోతుంది, ఎంఆర్‌ఐ వేలల్లో.

శ్రమ: మొదటిదానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కూత వినపడగానే బటన్ నొక్కడమే. రెండోదాంట్లో మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటొచ్చు, అసలే చెవి బాధ, కాబట్టి ఇయర్‌ప్లగ్స్ అడిగి మరీ పెట్టించుకోండి.

ఏం తెలుస్తుంది: "మెదడులో కనెక్షన్లు మారతాయట, స్కాన్‌లో పడుతుందా?" అని అడుగుతుంటారు. వినికిడి చూసుకునే భాగానికీ, భయంతో ముడిపడిన అమిగ్డలా లాంటివాటికీ మధ్య తేడాలు కనిపించిన మాట నిజమే, కానీ అది పరిశోధనల్లో వాడే, మెదడు పనితీరును చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐలో, అదీ చాలామంది సగటులో. ఆ ఫలితాలూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. మీ రిపోర్టులో అదేమీ ఉండదు. మామూలు ఎంఆర్‌ఐ వెతికేది వినికిడి నరం మీద గడ్డ లాంటివే.

రిస్క్: రేడియేషన్ లేదు గానీ, సంబంధం లేని మచ్చేదో కనిపిస్తే కొత్త టెన్షన్.

రెండు చెవుల్లోనూ మోత ఉండి, రెండింట్లోనూ వినికిడి ఒకేలా మెల్లగా తగ్గుతుంటే ఆడియోమెట్రీ చాలు. ఎంఆర్‌ఐకి పెట్టే డబ్బు హియరింగ్ ఎయిడ్‌కో, నిద్ర పట్టనివాళ్లయితే సీబీటీకో (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకునేలా చేసే కౌన్సెలింగ్) పెట్టడం నయం. ఒక్క చెవిలోనే మోగినా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపించినా స్కాన్‌కు వెనకాడొద్దు. ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.