ట్రాన్స్‌కోడింగ్‌కి ఏది మేలు: సీపీయూనా, ఐజీపీయూనా, వేరే గ్రాఫిక్స్ కార్డా?

ఇంట్లో జెల్లీఫిన్ సర్వర్ (మన సినిమాల్ని ఫోన్‌కీ టీవీకీ పంపే ప్రోగ్రామ్) పెట్టిన కొత్తలో 4కే హెచ్‌డీఆర్ సినిమా ఒకటి ఫోన్లో నొక్కా, అది అప్పటికప్పుడు 1080పీకి దిగాలి కదా, ట్రాన్స్‌కోడింగ్ అంటే అదే, సీపీయూ కోర్లన్నీ 100 శాతానికెళ్లి కూర్చున్నాయి, ఫ్యాన్ మోత పక్క గదికి వినిపిస్తోంది, సినిమా మాత్రం పది సెకన్లు ఆడటం, ఆగడం. తర్వాత అదే ప్రాసెసర్‌లో ఊరికే పడున్న క్విక్ సింక్ (ఇంటెల్ ఐజీపీయూతో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగంతో వీడియో మార్చే సదుపాయం) ఆన్ చేశా. ఫ్యాన్ నోరు మూసుకుంది.

ఇందులో మాయేం లేదు, ఐజీపీయూలో వీడియో కోసమే వేరుగా ఒక సర్క్యూట్ ఉంటుంది, ఇంటెల్ 2011లో శాండీ బ్రిడ్జ్‌తోనే మొదలుపెట్టింది. ఆ ఒక్క పనికే కట్టింది కాబట్టి స్పీడ్ ఎక్కువ, కరెంట్ తక్కువ. కానీ ఎక్స్265 (సీపీయూతో వీడియో కుదించే సాఫ్ట్‌వేర్) స్లో ప్రీసెట్‌లో, అంటే నిదానంగా కుదించే సెట్టింగ్‌లో, సీపీయూ ఒక్కో ఫ్రేమ్‌ని ఎన్ని రకాలుగా కుదించొచ్చో వెతికినట్టు ఇది వెతకదు, అందుకే అదే సైజులో చీకటి సీన్లలో గళ్ళు కనిపిస్తాయి. అప్పటికప్పుడు చూసి వదిలేసే స్ట్రీమ్‌కి అది ఎవడూ పట్టించుకోడు. దాచుకునే ఫైళ్ళు కుదించాలంటే మాత్రం నా ఓటు సీపీయూకే, రాత్రి పెట్టి పడుకోండి.

వేరే కార్డు విషయానికొస్తే, ఎన్‌వెంక్ (ఎన్‌విడియా కార్డుల్లో వీడియో కుదించే భాగం) క్వాలిటీకి వంక పెట్టలేం, కానీ రోజుకో గంట ట్రాన్స్‌కోడ్ కోసం 24 గంటలూ కరెంట్ తాగే కార్డు పెంచడం నాకైతే నచ్చలేదు. పైగా ఎన్‌విడియా జీఫోర్స్ కార్డుల్లో ఒకేసారి ఎన్ని ఎన్‌కోడ్‌లు నడవాలో డ్రైవరే లిమిట్ పెడుతుంది.

ఏఎండీ ఐజీపీయూ ఉంటే వాడుకోండి, దీనికోసమే కొత్తగా కొంటే ఇంటెల్ చూడండి. చాలా పాత ఏఎండీ చిప్‌లలో హెచ్.264 వీడియోకి బీ-ఫ్రేమ్స్ (ముందు వెనక ఫ్రేమ్‌లు చూసి ఇంకా కుదించే ఫ్రేమ్‌లు) లేవు, అదే క్వాలిటీకి బిట్‌రేట్ ఎక్కువ పెట్టాలి. ఇంటెల్‌లో కనీసం 7వ జనరేషన్ ఉండాలి, 10-బిట్ హెచ్‌ఈవీసీ (4కే హెచ్‌డీఆర్ సినిమాలు ఎక్కువగా ఉండే ఫార్మాట్) అక్కడి నుంచే సరిగ్గా వస్తుంది. పేరు చివర ఎఫ్ ఉన్నవి తీసుకోకండి, వాటిలో ఐజీపీయూనే పనిచేయదు. ఎన్100 లాంటి 6 వాట్ల చిప్ ఇంటికి సరిపోతుంది, కాకపోతే అది ఏవీ1ని (ఇంకా కొత్త వీడియో ఫార్మాట్) చదువుతుంది గానీ రాయలేదు.

సర్వర్‌ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే వేరే డబ్బాలో నడిపే పద్ధతి) పెడితే జీపీయూ డివైస్‌ని కంటైనర్‌కి ఇవ్వాలి, యూజర్‌ని రెండర్ గ్రూప్‌లో (జీపీయూ వాడే అనుమతి ఉన్న లినక్స్ గ్రూప్) కలపాలి. నేను రెండోది మర్చిపోయి ఒక సాయంత్రమంతా ప్లేబ్యాక్ ఎర్రర్ చూస్తూ కూర్చున్నా.

ఇంకోటి, ఏది కొనేముందైనా ట్రాన్స్‌కోడ్ అసలెందుకు అవుతోందో డాష్‌బోర్డులో చూడండి. మా టీవీలో సగం సార్లు కారణం పీజీఎస్ సబ్‌టైటిల్స్, బొమ్మ రూపంలో ఉంటాయి కాబట్టి వాటిని వీడియో మీద అచ్చేయాల్సొస్తోంది. ఎస్‌ఆర్‌టీ (మామూలు టెక్స్ట్ సబ్‌టైటిల్స్) పెట్టా, డైరెక్ట్ ప్లే అయిపోయింది, అంటే ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టే ఆడింది.