తెరకు ఏ తడి, ఒలికిన తడికి ఏ మందు: ల్యాప్‌టాప్ విషయంలో ఏది మేలు?

ల్యాప్‌టాప్ తెరను దేనితో తుడవాలన్న ప్రశ్న, కీబోర్డు మీద టీ ఒలికితే ఏం చేయాలన్న ప్రశ్న వేర్వేరుగా కనిపిస్తాయి. కానీ రెండుచోట్లా తేల్చుకోవలసింది ఒకటే: తడి ఆరిపోయాక అక్కడ ఏం మిగులుతుంది? నీరు ఎలాగూ ఆవిరవుతుంది. అందులో కరిగి ఉన్న లవణాలు, చక్కెర, పాలలోని కొవ్వు, గ్లిజరిన్ వంటివి మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. బజారులో దొరికే ద్రవాలనూ, ఇరుగుపొరుగు చెప్పే చిట్కాలనూ ఈ ప్రశ్నకు నిలబెట్టి చూస్తే చాలావరకు వాటి సంగతి తేలిపోతుంది.

తుడిచే ముందు తెర ఏ రకమో గుర్తించాలి. కార్యాలయాలు ఇచ్చే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే మ్యాట్ తెరకు పైన గాజు ఉండదు; వేలికి తగిలేది పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర. ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు అందులో మెరవకుండా దాని పైభాగాన్ని సన్నగా గరుకుగా ఉంచుతారు. ఘాటైన ద్రావకం తగిలితే ఆ గరుకు చెడి మచ్చ పడుతుంది. మెరిసే గాజు తెర గట్టిదే అయినా దాని మీద ప్రతిబింబాలను తగ్గించే పూత ఉంటుంది, ఆ పూత గాజంత గట్టిది కాదు. యాపిల్ రెటినా అని పిలిచే తెరలున్న కొన్ని మ్యాక్‌బుక్‌లలో ఈ పూత మచ్చలు మచ్చలుగా లేచిపోవడంతో 2015లో యాపిల్ వాటిని ఉచితంగా బాగుచేసే ఏర్పాటు చేయవలసి వచ్చింది. గాజే కదా అని గట్టిగా రుద్దడం అందుకే తగదు.

గుడ్డ విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. కళ్లద్దాలతో పాటు ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ మేలు. టిష్యూ కాగితం, చొక్కా అంచు, తువ్వాలు పనికిరావు. గీతలు పెట్టేది చాలాసార్లు గుడ్డకూ తెరకూ మధ్య చిక్కిన ఇసుక రేణువే కనుక, యంత్రాన్ని ఆపి, తెర చల్లబడ్డాక, ముందు పొడి గుడ్డతో బరువు పెట్టకుండా దుమ్ము తీసి ఆ తరువాతే తడి గుడ్డ వాడాలి. ఆ గుడ్డను ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వేయకూడదు. దాని జిడ్డు పోగులకు అంటుకొని తిరిగి తెర మీదికి చేరుతుంది.

అసలు ఎంపిక ద్రవం దగ్గర వస్తుంది. బోరు నీటికి చివరి స్థానం ఇవ్వాలి. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన పదార్థాలను అంగీకరిస్తుంది, వేరే నీరు దొరకనిచోట 2,000 దాకా అనుమతిస్తుంది. గొంతుకు ఇబ్బంది లేని ఆ నీరే తెర మీద ఆరితే తెల్లటి చారలు వదులుతుంది. కుళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్లని పెచ్చును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆర్‌వో నీరు దానికంటే నయం, డిస్టిల్డ్ వాటర్ ఇంకా నయం. ఇన్వర్టరు బ్యాటరీలలో పోయడానికి దుకాణాల్లో డబ్బాలతో అమ్మే నీరు ఈ కోవలోదే, ఖరీదూ తక్కువే. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది కాబట్టి డబ్బా మీద ఏముందో చదివి మరీ తీసుకోవాలి.

వేలి జిడ్డు నీటికి లొంగనప్పుడు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. అది ఏమీ మిగల్చకుండా ఆరిపోతుంది. యాపిల్ కూడా తన పరికరాల తెరలను దానితో మెల్లగా తుడవవచ్చని చెబుతూ, బ్లీచ్‌నూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ వద్దంటుంది. అయితే అన్ని తెరలూ ఒకటి కావు గనుక, ముఖ్యంగా మ్యాట్ తెర అయితే, తయారీదారు ఏం చెప్పాడో ఒకసారి చూసుకోవడం మంచిది. శానిటైజర్‌లో ఉన్నదీ ఆల్కహాలే కదా అని దాన్ని తెర మీద రుద్దేవారు ఒక సంగతి మరచిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో చర్మం ఎండిపోకుండా 1.45 శాతం గ్లిజరిన్ కలుపుతారు, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఉంటుంది. ఆల్కహాలు ఎగిరిపోయాక చేతిని కాపాడిన ఆ గ్లిజరినే తెర మీద జిడ్డుగా మిగులుతుంది. అమోనియా కలిసిన అద్దాల క్లీనర్లు, గోళ్ల రంగు తీసే అసిటోన్ అయితే పోటీలోకే రావు, అవి పూతనూ ప్లాస్టిక్ పొరనూ దెబ్బతీస్తాయి. ఏ ద్రవమైనా గుడ్డ మీద చల్లుకోవాలే గాని తెర మీద కాదు: తెర మీద చల్లిన చుక్క జారి కింది అంచులోకి దిగుతుంది, చాలా ప్యానెళ్లలో తెరను నడిపే సన్నని సర్క్యూట్ బోర్డు సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇక ఒలికిన ద్రవం సంగతి. మొదటి నిమిషంలో ఎంపికలేమీ లేవు: గోడ దగ్గర స్విచ్ ఆపి ఛార్జర్ తీసేయాలి, ఫైలు సేవ్ చేద్దామని ఆగకుండా పవర్ బటన్‌ను నొక్కిపట్టి యంత్రాన్ని ఆర్పాలి, ఆపై తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను తిరగేసిన ఇంగ్లీషు V అక్షరం ఆకారంలో తువ్వాలు మీద నిలబెట్టాలి. తడి కన్నా ఎక్కువ హాని చేసేది తడిలో పారే కరెంటు. విద్యుత్తు ఉన్నంతసేపూ లవణాలు కలిసిన ద్రవంలో రాగి కరిగి ఒకచోటి నుంచి మరోచోటికి చేరుతుంది, చిప్‌ల సన్నని లోహపు కాళ్లు తెగుతాయి. తెరకు వెళ్లే కేబుల్ కనెక్టరులో తెర వెనుకనుంచి వచ్చే వెలుగుకు కావలసిన పదుల వోల్టులు, చిత్రాన్ని మోసే అతి తక్కువ వోల్టేజీ తీగలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ తడి చేరితే పెద్ద వోల్టేజీ చిన్న తీగలోకి దూకి తెరనో, యంత్రాన్ని నడిపే ప్రధాన సర్క్యూట్ బోర్డునో కాల్చేస్తుంది. కొత్త యంత్రాలలో బ్యాటరీ లోపలే ఉంటుంది గనుక ఆర్పినా బోర్డులో కొంత భాగానికి కరెంటు అందుతూనే ఉంటుంది. స్క్రూలు విప్పడం వచ్చినవారు వెనుక మూత తీసి బ్యాటరీ కనెక్టరును ముందుగా వేరు చేయడం అందుకే అన్నిటికన్నా విలువైన పని. బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా మాత్రం దాని జోలికి పోకూడదు.

ఆరబెట్టడానికి మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది బియ్యం డబ్బా. బియ్యం యంత్రం లోపలి తడిని చెప్పుకోదగినంతగా లాగదు, పైగా దాని పిండీ, నూకా పోర్టులలో చేరతాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని 2024లో యాపిల్ తన సహాయ పత్రంలో స్పష్టంగానే రాసింది. హెయిర్ డ్రయ్యర్ ఇంకో పొరపాటు, దాని వేడికి కీలు వంకరపోవచ్చు, గాలి ఒత్తిడికి చుక్కలు మరింత లోపలికి పోతాయి. ఈ రెండిటికన్నా మామూలు టేబుల్ ఫ్యాన్ మేలు. వానాకాలంలో విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల్లో గాలిలోనే తేమ ఎక్కువ కనుక ఏసీ గదిలో ఫ్యాన్ పెట్టడం ఉత్తమం.

అసలు నిర్ణయం దీని తరువాతిది: ఆరబెట్టి ఊరుకోవడమా, విప్పించి బోర్డును కడిగించడమా? ఒలికింది ఆర్‌వో నీరై, అదీ కొద్దిగా అయితే, కనీసం రెండు రోజులు ఆరనిచ్చి వేసి చూడటంలో అర్థముంది. టీ, కాఫీ, కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింకు అయితే ఆరబెట్టడం సమస్యను దాచడమే. చక్కెర జిగట చిప్‌ల కింద గట్టిపడుతుంది, కోలాలలోని ఫాస్ఫారిక్ ఆమ్లం, కొబ్బరినీళ్లలోని లవణాలు లోహాన్ని తింటూనే ఉంటాయి. రెండు రోజుల తరువాత చక్కగా వెలిగిన యంత్రం కొన్ని వారాలకు ఆగిపోవడం చాలావరకు ఇలాంటి సందర్భాల్లోనే. కాబట్టి టీ పడిన ల్యాప్‌టాప్‌కు, వెలిగినా వెలగకపోయినా, బోర్డు కడిగించడమే నా ఓటు.

కడిగేటప్పుడు వాడేది 70 శాతం ఆల్కహాలు కాదు, 99 శాతానిది. తెర మీద ఆ 30 శాతం నీరు ఆరడాన్ని నెమ్మదింపజేసి తుడవడానికి వీలిస్తుంది. బోర్డు మీద అదే నీరు అక్కరలేని తడి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటిచోట చిప్ లెవల్ పని, అంటే బోర్డు మీది ఒక్కో చిప్ స్థాయిలో మరమ్మతు, చేసేవారు చాలామంది ఉన్నారు. ఇచ్చే ముందు అడగవలసినవి రెండు: దేనితో కడుగుతారు, బోర్డును బయటికి తీసి కడుగుతారా లేక పైపైన బ్రష్ తిప్పుతారా? థిన్నరు, పెట్రోలు అన్న జవాబు వస్తే వేరే దుకాణం చూసుకోవచ్చు.

మామూలు వారంటీ ద్రవ నష్టాన్ని భరించదు. పొరపాటు నష్టాలకు వేరే రక్షణ కొనుక్కున్నవారు మాత్రం బయట విప్పించకుండా కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్లడం మేలు, ఎందుకంటే బయట విప్పితే ఆ రక్షణ చెల్లకుండా పోవచ్చు. అది లేని పాత యంత్రమైతే, బోర్డు బాగుకు అడిగే డబ్బు యంత్రం విలువలో సగం దాటితే, నా లెక్కలో ఫైళ్లు నిల్వ ఉండే ఎస్‌ఎస్‌డీని బయటికి తీయించి ఫైళ్లు కాపాడుకోవడంతో సరిపెట్టుకోవడం మంచిది. ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికి ఉన్న మోడళ్లలో ఆ దారి లేదు గనుక, ముందే వేరేచోట నకలు లేకపోతే అక్కడ ఖర్చు లెక్క ఫైళ్ల విలువను బట్టి మారిపోతుంది.