మనిషి ఎట్లాంటోడో చూడంగనే తేల్చేద్దామా, కొన్నాళ్లు ఆగుదామా?

మర్రిగూడ దిక్కు నుంచి ఒక పిలగాడు నల్లగొండలో మా పక్క గదిలోకి కిరాయికి వచ్చిండు. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. "పళ్లు తోముకోడా ఏంది?" అన్నది నేనే. తోమితే పోయే మరకలు కావవి. పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగితే మిగిలే గుర్తులు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. నీళ్ల తప్పును నేను పిలగాడి గుణం మీద వేసిన. ఇట్లా పరిస్థితిని వదిలి మనిషిని పట్టుకునే అలవాటుకు మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ఒక పేరే పెట్టిండు: మౌలిక ఆపాదన దోషం.

ఖర్చు: తేల్చేస్తే అప్పటికి పైసా పోదు. ఆగితే టైం పోతది.

శ్రమ: తేల్చేయడం అలవాటు మీద నడుస్తది, బుర్రకు పనిలేదు. ఆగాలంటే నాలుగు మాటలు అడగాలె, నోరు కట్టుకోవాలె. నాకు రెండోదే కష్టం.

నష్టం: తేల్చేస్తే మంచోడు దూరమైతడు. పైగా ఒకసారి ముద్ర వేసినంక దాన్ని బలపరిచేవే మన కంటికి ఆనుతయి. ఆగితే ఒక్కోసారి మోసపోతం.

రాత్రిపూట బస్టాండులో ఎవడో వెంటపడితే, ముక్కు మొహం తెలియనోడు చిట్టీ కట్టమంటే, వెంటనే తేల్చుకోండి. తప్పైనా పోయేదేం లేదు. రోజూ మొహం చూసుకునే పక్కింటోళ్లు, కొత్త కోడలు, ముంబై పనికి పోయి తిరిగొచ్చిన పాలమూరు కూలీ, వీళ్ల దగ్గరైతే ఆగుడే నయం.