నాలుగు వరుసల సంతకానికి ఫిగ్లెట్: ఒక సమీక్ష

మామూలు కీబోర్డు గుర్తులను పేర్చి పేరును పెద్ద అక్షరాలుగా చూపే ప్రోగ్రాము ఫిగ్లెట్. దీనికి ఈమెయిల్ సంతకంతో, అంటే మెయిల్ చివర పేరూ చిరునామా ఉండే వరుసలతో, పుట్టుక నుంచే సంబంధం ఉంది. ఫ్రాంక్ అనే మిత్రుడి ఈమెయిల్ సంతకం ప్రేరణగా, ఇయాన్ చాయ్ ప్రోద్బలంతో, గ్లెన్ చాపెల్ 1991లో సి అనే కంప్యూటరు భాషలో 170 వరుసల ప్రోగ్రాముగా దీనికి మొదటి రూపం ఇచ్చారు. ఇది నేటికీ ఉచితంగా దొరుకుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది అక్షరాల కూర్పు. పక్కపక్కన ఉన్న రెండు అక్షరాల అంచులు తగిలే చోట ఫిగ్లెట్ వాటిని ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. ఒకే నిలువు గీత ఇటు అక్షరానికీ అటు అక్షరానికీ సరిపోతుంది. చేత్తో పేర్చేటప్పుడు ఈ బిగువు తీసుకురావడానికి నేను గంటల తరబడి కూర్చున్న సందర్భాలున్నాయి.

అయితే సంతకంలో చోటు తక్కువ. సంతకం నాలుగు వరుసలు దాటకూడదన్నది న్యూస్‌గ్రూప్‌ల, అంటే ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చా వేదికల, పాత మర్యాద. ఇంటర్నెట్ మర్యాదలను వివరించే 1995 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సి 1855 కూడా అదే చెబుతుంది. ఫిగ్లెట్ తానుగా ఎంచుకునే ‘స్టాండర్డ్’ ఫాంటు ఎత్తే ఆరు వరుసలు కాబట్టి అది సంతకానికి పనికిరాదు. ‘మినీ’ నాలుగు వరుసల్లో ఇముడుతుంది. గీత కిందికి దిగే g, y లాంటి అక్షరాలు పేరులో లేకపోతే నాలుగో వరుస ఖాళీగా మిగులుతుంది గనుక అక్కడ చిరునామా రాసుకోవచ్చు. వెడల్పును కూడా తగ్గించుకోవాలి, ఎందుకంటే ఫిగ్లెట్ 80 నిలువు వరుసల దాకా వెళుతుంది, మెయిల్ ప్రమాణం మాత్రం వరుసకు 78 గుర్తులు దాటవద్దంటుంది.

అసలు చిక్కు చదివేవారి తెరమీద వస్తుంది. అన్ని గుర్తులకూ ఒకే వెడల్పు ఉన్న ఫాంటులోనే ఈ బొమ్మ నిలుస్తుంది. నాకు నేనే పంపుకుని చూస్తే కంప్యూటరులో చక్కగా కనిపించిన పేరు ఫోనులోని మెయిల్ యాప్‌లో గీతల కుప్పగా మారింది. వెబ్ పేజీలా రంగులూ ఫాంట్లూ ఉండే హెచ్‌టిఎంఎల్ మెయిల్‌లో పక్కపక్క ఖాళీలన్నీ ఒక్కటిగా కుంచించుకుపోతాయి కనుక సాదా టెక్స్టుగానే పంపాలి. చూపు లేనివారికి మెయిల్‌ను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఈ గీతలనూ చుక్కలనూ పేరుగా పలకలేదు. అందుకే బొమ్మ కింద పేరును మామూలుగా మళ్లీ రాయడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

సంతకానికి పైన రెండు హైఫన్లు, వాటి తరువాత ఒక ఖాళీ ఉన్న వరుసను మరవకూడదు. దాన్ని గుర్తించే మెయిల్ ప్రోగ్రాములు జవాబు రాసేటప్పుడు సంతకాన్ని వాటంతట అవే తొలగిస్తాయి. ఆ వరుసను ఫిగ్లెట్ చేర్చదు, మనమే చేర్చుకోవాలి.