హెబ్బాళ్ నుంచి సిల్క్ బోర్డ్: సొరంగమా, లోకల్ రైలా, బస్ లేనా?

మా బావది కారు, నాది బస్ పాసు, అందుకే బెంగళూరులో కడతామంటున్న సొరంగం రోడ్డు మాటొస్తే మా ఇంట్లో ఆదివారం బిర్యానీ కూడా చల్లారిపోద్ది. ఊరికి ఉత్తరాన హెబ్బాళ్ నుంచి దక్షిణాన సిల్క్ బోర్డ్ జంక్షన్ దాకా భూమి కింద దాదాపు 17 కిలోమీటర్లు, సిగ్నల్ అన్నదే ఉండదు, టోల్ కట్టేసి జుయ్యిమని పోవచ్చంటాడు. సరే బావా, పైకి తేలేదెక్కడ? మళ్లీ సిల్క్ బోర్డ్ జామ్‌లోనే కదా!

దానికి అంచనా 17 వేల కోట్ల పైమాటే. అదే సబర్బన్ రైలైతే నాలుగు లైన్లూ కలిపి 148 కిలోమీటర్లు, 15,767 కోట్లన్నారు. సంపిగె, మల్లిగె, పారిజాత, కనక అని పూల పేర్లు కూడా పెట్టారు, మాల కట్టడమే తరువాయి, కాకపోతే 2022 జూన్‌లో శంకుస్థాపన చేసింది ఇంకా ఎక్కే రోజు రాలేదు. పైగా రింగ్ రోడ్డు ఆఫీసులకి అది నేరుగా అక్కరకి రాదు, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకైతే హీలళిగె స్టేషన్ దగ్గర కాబట్టి కనక లైను పండగే.

నా ఓటు మాత్రం బస్ లేన్‌కే. నేనెక్కే 500డి బస్సు కూడా హెబ్బాళ్ నుంచి సిల్క్ బోర్డ్‌కే, కాకపోతే మారతహళ్లి మీదుగా చుట్టూ తిరిగి. బ్యాగు పొట్టకి తగిలించుకుని డోర్ దగ్గర నిలబడితే కండక్టర్ 'ఒళగడె హోగి' అని అరుస్తూనే ఉంటాడు, లోపల చోటుంటేగా పోవడానికి. 2019 చివర్లో సిల్క్ బోర్డ్, కేఆర్ పురం మధ్య రోడ్డు పొడవునా పోల్స్ పాతి బస్సులకి విడిగా దారి ఇచ్చారు చూడండి, అప్పుడు పక్కన ఆగిపోయిన కార్లని దాటుకుంటూ పోతుంటే ఆ సుఖమే వేరు. తర్వాత మెట్రో పనులొచ్చి అదీ పోయింది. రెండు మూడు కార్లు పట్టే జాగాలో అరవై మంది పోతున్నారు, సొరంగం తవ్వక్కర్లేదు, పోల్స్ పాతి కాపలా పెడితే చాలు. ఉత్త పెయింట్ గీతలైతే దండగ, మన బైకులోళ్లు గంటలో దూరిపోతారు.

పోయిన వారం కారు సర్వీసింగ్‌కిచ్చి బావ ఏసీ బస్సెక్కాడు. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర నలభై నిమిషాలు కదల్లేదట, అందుకే బస్సులు వేస్ట్ అంటాడు. మరి నీ బస్సు ముందు ఆగున్నవన్నీ ఏంటి బావా అన్నాను. రైతా గిన్నె ఇటు జరిపాడు.