హైతీ ముఠాల కట్టడికి ఏది మేలు? దిగ్బంధమా, పేర్ల జాబితానా, రేవులో తనిఖీనా?

కరీబియన్ దేశమైన హైతీలో తుపాకులు తయారు చేసే కర్మాగారాలు లేవు. అయినా రాజధాని పోర్ట్-ఓ-ప్రాన్స్‌లో చాలా భాగం సైనిక తరహా రైఫిళ్లు పట్టిన ముఠాల గుప్పిట్లో ఉంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో అక్కడి ముఠాల హింసకు 5,600 మందికి పైగా బలయ్యారు.

దేశం మొత్తాన్ని దిగ్బంధించడం ఎలా ఉంటుందో హైతీకి అనుభవమే. సైనిక పాలకులను దించడానికి 1993 జూన్‌లో చమురు, ఆయుధాల మీదా, 1994 మేలో దాదాపు సమస్త వాణిజ్యం మీదా నిషేధం విధించారు. పేదలు పస్తులున్నారు, దొంగచాటుగా చమురు సరిహద్దు దాటించినవారు బాగుపడ్డారు. పాలకులు మాత్రం అమెరికా సేనలు బయలుదేరాక గాని దిగలేదు. కనుక ఈ మార్గాన్ని పక్కన పెట్టవచ్చు.

2022 అక్టోబరు 21న భద్రతా మండలి 2653వ తీర్మానంతో వ్యక్తులను ఎంచి ఆస్తులను స్తంభింపజేసే, ప్రయాణాలను నిషేధించే పద్ధతిని చేపట్టింది. జాబితాలో తొలి పేరు 'బార్బెక్యూ'గా పేరుపడ్డ మాజీ పోలీసు జిమ్మీ షెరిజియేది. పదహారు నెలలు గడిచేసరికి అతడే ముఠాల కూటమి తరఫున ప్రధాని ఆరియల్ ఆన్రీ దిగిపోవాలని హుకుం జారీ చేశాడు, మార్చిలో ఆ ప్రధాని రాజీనామా ప్రకటించక తప్పలేదు. కిడ్నాపుల సొమ్ము, రోడ్ల మీద వసూళ్లు నగదుగానే చేతులు మారే చోట, పేట దాటి బయటికి రాని నాయకుడికి ఖాతా స్తంభనతో, వీసా నిషేధంతో పనేమిటి?

ఇదే ఆంక్షను పోషకుల మీద ప్రయోగిస్తే సంగతి వేరు. ముఠాలకు అండగా ఉన్నారన్న ఆరోపణతో 2022 నవంబరులో కెనడా మాజీ అధ్యక్షుడు మిషెల్ మార్టెలీపై, ఇద్దరు మాజీ ప్రధానులపై ఆంక్షలు విధించింది. విదేశాల్లో ఆస్తులు, రాకపోకలు ఉండే వర్గానికి ఈ దెబ్బ నిజంగా తగులుతుంది. అయితే విచారణ లేకుండానే పేరు ప్రకటించే పద్ధతి ఇది, కాబట్టి ఆధారాలు బలంగా లేకపోతే రాజకీయ కక్షగా కొట్టిపారేస్తారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది తుపాకి బయలుదేరే చోట పట్టుకోవడం. '400 మావోజో' ముఠా నాయకుడు జెర్మిన్ జోలీ హైతీ జైల్లో ఉంటూనే ఫోన్‌లో పురమాయించి, అమెరికాలోని ఫ్లోరిడా దుకాణాల్లో ఇతరుల పేరిట తుపాకులు కొనిపించాడు. వాటిని పెద్ద పీపాల్లో పెట్టి, పైన బట్టలు, చెప్పులు కప్పి ఓడకెక్కించారు. 2024 జూన్‌లో అమెరికా కోర్టు అతడికి 35 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఏ జాబితా సాధించని పనిని ఈ కేసు సాధించింది, అయితే ఆ తుపాకులు హైతీకి చేరాక.

2023 అక్టోబరులో భద్రతా మండలి చిన్న ఆయుధాల నిషేధాన్ని హైతీ అంతటికీ విస్తరించింది. ఫ్లోరిడాలోని మయామీ రేవులో పీపా మూత తీసి చూసే మనిషి లేకపోతే ఆ నిషేధం కాగితం మీదే ఉంటుంది.