నాలుగు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లతో రెయిడ్: మూడున్నరేళ్ళ వాడకంలో తేలింది

విజయవాడలో పెళ్ళి వీడియోల ఎడిటింగ్ నా పని. 2021 చివర్లో, చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ రకమైన 2 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు నాలుగు కొని, ఒకే కార్డు మీద బిగించి రెయిడ్ 0 చేశాను, అంటే డేటాను ముక్కలుగా నాలుగింటికీ పంచి ఒకే డ్రైవ్‌లా వాడాను. తొలిరోజు బెంచ్‌మార్క్‌లో రీడింగ్ వేగం సెకనుకు 20 జీబీ దాటింది. ఒక్క డ్రైవ్ విడిగా ఇచ్చేది 7 జీబీ. ఆ స్క్రీన్ ఫోటో తీసి స్నేహితులందరికీ పంపాను. ఇప్పుడు వాటిలో మూడు, కొత్తది ఒకటి కలిసి రెయిడ్ 10గా, అంటే ప్రతి డేటాకూ రెండు డ్రైవ్‌లలో కాపీ ఉండేలా నడుస్తున్నాయి. మధ్యలో ఏం జరిగిందో తెలిస్తే, ఇలాంటిది పెట్టుకోవాలనుకునేవాళ్ళకు కొంత డబ్బు, చాలా టెన్షన్ తప్పుతాయి.

ముందు వేగం సంగతి. ఆ 20 జీబీ నా పనిలో ఎక్కడా కనపడలేదు. 4కే వీడియో ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్ ఫుటేజ్ సెకనుకు 25 ఫ్రేముల్లో నడవాలంటే సెకనుకు దాదాపు 737 మెగాబిట్లు, అంటే 92 ఎంబీ చాలు. ముహూర్తం ఘట్టంలో నాలుగు కెమెరాల ఫుటేజ్ పక్కపక్కన పెట్టి నడిపినా 370 ఎంబీ దాటదు. 550 ఎంబీ ఇచ్చే మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా ఆ పని చేస్తుంది. కెమెరా కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు కార్డే అడ్డం: యూహెచ్ఎస్-2 ఎస్‌డీ కార్డుల గరిష్ఠ హద్దే 312 ఎంబీ. ఎక్స్‌పోర్ట్ వేగం ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల చేతిలో ఉంటుంది. ఇక ప్రాజెక్టు తెరవడం, థంబ్‌నెయిల్స్ లోడవడం లాంటి చిన్న చిన్న రీడ్‌లలో ఒక్క డ్రైవ్‌కూ నాలుగింటికీ తేడా తెలియలేదు. రెయిడ్ వల్ల ఒకేసారి వచ్చే డేటా పెరుగుతుంది కానీ, ఒక్కో రీడ్‌కు పట్టే సమయం తగ్గదు.

నిజంగా ఉపయోగపడింది ఒక్కచోట, పెద్ద రైట్లలో. ఈ రకం డ్రైవ్‌లు మొదట కొంత మేర వేగంగా రాసుకుని, ఆ కాష్ నిండగానే నెమ్మదిస్తాయి. 600 జీబీ ఒకేసారి పోస్తే ఒంటరి డ్రైవ్ మధ్యలో చతికిలబడేది. నాలుగింటికి పంచితే ఒక్కోదానికి 150 జీబీయే కాబట్టి, చివరిదాకా ఒకే వేగం నిలబడింది.

కొనే ముందు మదర్‌బోర్డు మాన్యువల్‌లో లేన్ల లెక్క చూసుకోండి. ఒక్కో డ్రైవ్‌కు నాలుగు పీసీఐఈ లేన్లు (డేటా నడిచే దారులు) కావాలి. నాలుగు డ్రైవ్‌ల కార్డుకు పూర్తి 16 లేన్ల స్లాట్ ఇవ్వాలి, ఆ స్లాట్‌ను నాలుగు నాలుగులుగా చీల్చే బైఫర్కేషన్ సెట్టింగ్, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోగ్రామ్ అయిన బయోస్‌లో ఉండాలి. నాది ఎక్స్570 బోర్డు. పెద్ద స్లాట్ ఈ కార్డుకు ఇచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు కిందున్న, చిప్‌సెట్ అనే సహాయక చిప్‌కు కలిపిన స్లాట్‌లోకి దిగి, నాలుగు లేన్ల మీదే నడిచింది. అంత ఖర్చుపెట్టి కొన్న గ్రాఫిక్స్ కార్డును అలా కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ బాధే. చిప్‌సెట్ కింద ఉన్న ఎం.2 స్లాట్‌లలో రెండు డ్రైవ్‌లు పెట్టి రెయిడ్ 0 చేద్దామనుకునేవాళ్ళకు కూడా ఒక మాట: చిప్‌సెట్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్నది నాలుగు లేన్ల దారే. రెండు డ్రైవ్‌లూ ఆ ఒక్క దారిలోనే రావాలి.

పద్నాలుగు నెలలు అలా నడిచాక బయోస్ అప్‌డేట్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నాలుగు డ్రైవ్‌లకు ఒక్కటే కనిపించింది. అప్‌డేట్‌తో సెట్టింగ్‌లన్నీ మొదటికొచ్చి, బైఫర్కేషన్ పోయింది, రెయిడ్ మోడ్ పోయింది. కనపడుతున్న ఆ ఒక్క డ్రైవ్‌ను విండోస్ కొత్త డిస్కు అనుకుని, ఇనిషియలైజ్ చేయమంటారా అని అడిగింది. చేతులు వణికాయి. లోపల మూడు పెళ్ళిళ్ళ ఫుటేజ్ ఉంది, అందులో ఒకదానికి అప్పటికి బ్యాకప్ లేదు. తాళి కట్టిన క్షణం మళ్ళీ తీయలేం. ఓకే నొక్కకుండా మెషీన్ ఆపేసి, పాత సెట్టింగ్‌లన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ తిరిగి పెట్టాను. నాలుగూ కనపడ్డాయి, డేటా క్షేమం. ఆ రోజే బయోస్ స్క్రీన్లన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. రెయిడ్ 0 మీద నమ్మకం కూడా ఆ రోజే పోయింది. నాలుగింట్లో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుందన్నది పుస్తకంలో చదివినప్పుడు ఒకలా ఉంటుంది, ఆ స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు ఇంకోలా ఉంటుంది.

2023లో ఆ మెషీన్‌నే లినక్స్ స్టోరేజ్ పెట్టెగా మార్చి, ఎడిటింగ్‌కు వేరేది కొన్నాను. లినక్స్‌లో రెయిడ్ కట్టే ప్రోగ్రామ్ ఎండీఏడీఎం‌తో రెయిడ్ 10 కట్టాను. 8 టీబీలో చేతికొచ్చేది 4 టీబీయే. రెయిడ్ 5 అయితే 6 టీబీ వచ్చేది కానీ, చిన్న రైట్లకు కూడా పారిటీ (పోయిన డేటాను తిరిగి కట్టడానికి రాసే అదనపు సమాచారం) లెక్కలు, మధ్యలో కరెంటు పోతే డేటాకూ పారిటీకీ పొంతన తప్పే ప్రమాదం వద్దనుకున్నాను. పెట్టెకు యూపీఎస్ ఉంది. నెట్‌వర్క్ 10 గిగాబిట్, ఎంత లాగినా సెకనుకు 1.1 జీబీ చుట్టూనే. ముగ్గురం ఒకేసారి పనిచేసినా ఎవరికీ ఆగలేదు.

వేడి గురించి ఎవరూ ముందు చెప్పలేదు. 2024 మే నెలలో రాత్రిపూట ఏసీ ఆపేసి కాపీ పెట్టి వెళ్తే, పొద్దునకు సగం కూడా అవ్వలేదు. కార్డు మీది చిన్న ఫ్యాన్ దుమ్ము పట్టి తిరగడం మానేసింది. డ్రైవ్‌లు 80 డిగ్రీలు దాటి, తమంతట తామే వేగం తగ్గించుకున్నాయి. ఆ బుల్లి ఫ్యాన్ తీసేసి, కేబినెట్ పక్కనుంచి 120 ఎంఎం ఫ్యాన్ నేరుగా కార్డు మీదికి గాలి కొట్టేలా పెట్టాను. ఇప్పుడు పెద్ద కాపీలో కూడా 60 దాటవు. మీరు కొంటే కార్డు మీది ఫ్యాన్‌ను నమ్ముకోకండి.

అదే ఏడాది శ్రావణంలో, పెళ్ళిళ్ళ ఒత్తిడి మధ్య, ఒక శనివారం రాత్రి మెయిల్ వచ్చింది: ఒక డ్రైవ్ పోయింది. మర్నాడు సాయంత్రానికి ఒక వీడియో ఇవ్వాలి. స్టేటస్ చూస్తే, పనిచేస్తున్న ఒక్కో డ్రైవ్‌కు ఒకటి చొప్పున కనిపించే నాలుగు యూ అక్షరాలలో ఒకటి గీతగా మారింది. పని మాత్రం ఆగలేదు, పక్క గదిలో ఎడిటింగ్ చేస్తున్న అబ్బాయికి తెలియను కూడా తెలియలేదు. ఆ డ్రైవ్ అరిగిపోయి పోలేదు, ముందురోజు దాకా రిపోర్టు అంతా బాగానే ఉంది. ఉన్నట్టుండి మాయమైంది. ఎస్ఎస్‌డీలు చాలాసార్లు ఇలాగే పోతాయి, హార్డ్ డిస్కులా ముందు శబ్దం చేసి చెప్పవు.

వీడియో ఇచ్చేసి, సోమవారం మార్చాను. అప్పుడు మూడు జాగ్రత్తలు అక్కరకొచ్చాయి. ఒక్కో డ్రైవ్ సీరియల్ నంబర్ చివరి అంకెలు కార్డు మీద స్టిక్కర్‌గా అంటించి ఉన్నాను. లినక్స్ ఇచ్చే నంబర్లు రీబూట్‌కు మారిపోవచ్చు కాబట్టి, అది లేకపోతే మంచి డ్రైవ్ పీకేసేవాణ్ణి. పార్టిషన్లు చేసేటప్పుడు చివర కొన్ని జీబీలు ఖాళీ వదిలాను. పాత మోడల్ దొరక్క వేరే కంపెనీది కొంటే, అది కూడా 2 టీబీయే అయినా కాస్త చిన్నది, ఆ ఖాళీ ఉండబట్టే సరిపోయింది. మూడోది, కొత్త డ్రైవ్‌లో డేటా మళ్ళీ నింపే వేగానికి లినక్స్ పెట్టే సెకనుకు 200 ఎంబీ హద్దును పెంచాను. పెంచకపోతే రెండున్నర గంటలు దాటేది, దాదాపు అరగంటలో అయిపోయింది.

మూడున్నరేళ్ళకు పాత డ్రైవ్‌ల అరుగుదల 6 శాతం. రాతల వల్ల డ్రైవ్ చస్తుందన్న భయం ఈ పనికి అనవసరం. కానీ రెయిడ్ 10 ఉంది కదా అని బ్యాకప్ మానలేదు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ అయినప్పుడు అద్దంలా రెండు కాపీలూ ఒకేసారి పోయాయి. కాపాడింది ఇంట్లో ఉన్న మామూలు హార్డ్ డిస్కే.

ఒంటరిగా ఎడిటింగ్ చేసుకునేవాళ్ళకు ఒక మంచి 4 టీబీ డ్రైవ్, రెండు బ్యాకప్ హార్డ్ డిస్కులు చాలు. ముగ్గురు నలుగురు ఒకే ఫుటేజ్ మీద పనిచేస్తూ, ఒక్కరోజు ఆగినా మాట పోయే పని అయితే రెయిడ్ 10కు పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి దుమ్ము దులపడం, మరమ్మతులు అన్నీ అప్పుడే చేస్తాను. ఈసారి ఒకే రోజు ఒకే పెట్టెలోంచి వచ్చిన పాత మూడింట్లో ఒకదాన్ని తీసి వేరే కంపెనీది పెడుతున్నాను. ప్రతి జంటలో ఒకటి పాతది, ఒకటి కొత్తది ఉంటే, రెండూ ఒకేసారి పోయే అవకాశం తగ్గుతుందని.